మీ అమ్మని మొదటిసారి మామోగ్రామ్‌కి తీసుకెళ్ళటం ఎలా

మా పెద్దమ్మ అంటే మా అమ్మకి సొంత అక్క, తెనాలి దగ్గర పల్లెటూరు, ఆమెకి 54 ఏళ్ళప్పుడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో రేగ్గింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా ఏమవుతుందిలే అని ఊరుకుంది. తర్వాత మినుము పనులు, ఆ తర్వాత మనవరాలి బారసాల, ఆ తర్వాత పెదనాన్నకి కంటి ఆపరేషన్, ఇలా పది నెలలు గడిచిపోయి, చర్మం లోపలికి లాగినట్టు అయ్యి జాకెట్టుకి మరక అంటుతుంటే అప్పుడు చెప్పింది, అదీ పెదనాన్నకి కాదు, మా అమ్మకి ఫోన్లో గొంతు తగ్గించి. దగ్గర్లో టౌన్లో ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్తే కొవ్వు గడ్డ అని కోసి తీసేశారు, తీసిన ముక్కని ల్యాబ్‌కి పంపలేదు, పంపమని అడగాలని మాకూ తెలీదు. మూడు నెలలకి చంకలో బిళ్ళలు కట్టాయి. గుంటూరు తీసుకెళ్ళేసరికి మూడో స్టేజీ అన్నారు. కీమో, ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఆ తర్వాత నాలుగేళ్ళు ఉంది.

ఆమె పోయాక మా అమ్మని మామోగ్రామ్‌కి, అంటే రొమ్ము క్యాన్సర్ ఉందేమో చూసే ఎక్స్‌రే టెస్టుకి తీసుకెళ్ళటానికి నాకు ఏడాదిన్నర పట్టింది. టెస్టు చేసింది పావుగంట, మిగతా ఏడాదిన్నర అంతా ఒప్పించటానికే. ఆ టైంలో నేను చేసిన తప్పులు, తర్వాత డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి, రిపోర్టు చేతికొచ్చాక పడిన కంగారు, అన్నీ కలిపి రాస్తున్నా. అమ్మ అన్నచోట అత్తగారు, అక్క, పిన్ని, ఎవరైనా పెట్టుకోండి, మీకే 40 దాటితే మీ పేరు పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పాల్సింది నొప్పి సంగతి. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. మనవాళ్ళందరూ నొప్పి ఉంటేనే రోగం అనుకుంటారు, పంటి నొప్పి వస్తే పరిగెత్తుతారు, నొప్పి లేని గడ్డని మాత్రం పాలగడ్డ అనో కొవ్వు గడ్డ అనో పేరు పెట్టి ఆముదం రాసి వదిలేస్తారు. నెలసరి ముందు రెండు రొమ్ములూ బరువుగా ఉండి సలపటం, ముట్టుకుంటే నొప్పి అనటం, ఇవి ఎక్కువసార్లు హార్మోన్ల వల్ల వచ్చేవి. అలాగని నొప్పి ఉంది కాబట్టి క్యాన్సర్ కాదులే అని తీర్మానం చేసుకోకూడదు, కొత్తగా తగిలిన గడ్డ ఏదైనా, నొప్పి ఉన్నా లేకపోయినా, చూపించుకోవాల్సిందే. చూపించుకున్న గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే ఉంటాయి, ఫైబ్రోఅడినోమా అనే కండ గడ్డలు, నీటి తిత్తులు, ఇలాంటివి. ఆ మాట కూడా అమ్మకి చెప్పండి, భయం సగం దిగుతుంది.

తొందరగా దొరికితే ఏం తేడా అని అడుగుతారు, మా నాన్న అడిగారు కూడా, ఎప్పుడు దొరికినా అదే జబ్బు కదా అని. అదే జబ్బు కాదు. మన దేశంలోనే 11 ప్రాంతాల్లో క్యాన్సర్ వచ్చినవాళ్ళ వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీల లెక్కలు, అంటే 2012 నుంచి 2015 మధ్య జబ్బు బయటపడిన ఆడవాళ్ళవి, తీసి చూస్తే, గడ్డ రొమ్ములోనే ఉన్నప్పుడు దొరికిన వాళ్ళలో అయిదేళ్ళ తర్వాత బతికున్నది 81 శాతం, చుట్టుపక్కలకి, చంక బిళ్ళలకి పాకాక దొరికితే 65 శాతం, ఎముకలకో లివర్‌కో ఊపిరితిత్తులకో పోయాక దొరికితే 18 శాతం. ఒకే దేశం, ఇంత తేడా. ఇంకో తేడా కూడా ఉంది, చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చాలామందికి గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుంది, రొమ్ము మొత్తం తియ్యక్కర్లేదు, కొంతమందికి కీమో కూడా తప్పుతుంది, ఖర్చూ తగ్గుతుంది. మా నాన్నకి ఈ చివరి మాట బాగా ఎక్కింది.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వస్తోంది, దాదాపు 98 వేల మంది చనిపోతున్నారు. ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు ఇదే మొదటిది. ఇంత ఉన్నా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామని చెప్పినవాళ్ళు 0.9 శాతం, అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. ఆ ఒక్కరిలో మా ఇంట్లో ఎవరూ లేరు అప్పటికి.

ఒప్పించటం

నేను చేసిన పెద్ద తప్పు అబద్ధం చెప్పటం. బీపీ షుగర్ చెకప్ అమ్మా అని చెప్పి హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి తీసుకెళ్ళా, అక్కడ బోర్డు చదివి, పక్కన కూర్చున్నావిడని అడిగి తెలుసుకుని, లేచి బయటికి వచ్చేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. "నన్ను అడిగి తీసుకురావచ్చుగా, నేనేమన్నా చిన్నపిల్లనా" అంది మూడో రోజు, అది నిజమే కదా. కాబట్టి మోసం చేసి తీసుకెళ్ళొద్దు, ఒకసారి నమ్మకం పోతే రెండేళ్ళకి మళ్ళీ రమ్మంటే రారు.

ఆ తర్వాత చాలా రోజులకి ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నప్పుడు, పెద్దమ్మ నీకు ఫోన్ చేసిన రోజు అసలు ఏమంది అని అడిగా. అమ్మ చెప్పింది, ఏడ్చింది, కాసేపు ఊరుకుంది, ఆ తర్వాత తనే అడిగింది, ఆ టెస్టు చేసేది మగాడా అని. అప్పుడర్థమైంది నాకు, ఏడాది పాటు నేను క్యాన్సర్ గురించి లెక్కలు చెప్తున్నా, అమ్మ బాధేమో బట్టలు ఎవరి ముందు విప్పాలి అని. ఆ తర్వాత వరసగా అడిగింది, తాడు తియ్యమంటారా, బాగా నొప్పా, ఒకవేళ ఏదన్నా ఉంటే రొమ్ము కోసేస్తారా, ఉందని ఊళ్ళో తెలిస్తే మీ చెల్లి పెళ్ళి సంబంధాలకి ఇబ్బంది కదా. ఈ ప్రశ్నలు మీ అమ్మకీ ఉంటాయి, బయటికి అనకపోవచ్చు. ముందు వీటికి జవాబు చెప్పండి, లెక్కలు తర్వాత.

మామోగ్రామ్ తీసేది చాలాచోట్ల ఆడ టెక్నీషియనే, అయినా బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి లేడీ టెక్నీషియన్ ఉన్న టైం ఏది అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పెళ్ళి సంబంధాల విషయం, ఇది అంటువ్యాధి కాదు, రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే, జబ్బు వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో అంతకుముందు ఎవరికీ ఉండదు. మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నాకు అక్కర్లేదు అనే మాట కూడా అందుకే చెల్లదు.

కొడుకులు అడగటానికి మొహమాటపడతారు. మా తమ్ముడు నాకు అప్పజెప్పాడు ఈ పని. మీకు అక్కో చెల్లో భార్యో ఉంటే వాళ్ళతో చెప్పించొచ్చు, లేకపోతే మీరే అడగండి, పర్వాలేదు, షుగర్ టెస్ట్ గురించి మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడితే అమ్మలు మనం అనుకున్నంత ఇబ్బందిపడరు. ఇంకో ఉపాయం, ఒక్కర్నే కాకుండా ఇద్దరు ముగ్గుర్ని కలిపి తీసుకెళ్ళటం. మా అమ్మ చివరికి వచ్చింది మా అత్తగారూ పక్కింటావిడా కూడా వస్తాం అన్నాకే, ముగ్గురూ ఆటోలో గుడికి వెళ్తున్నట్టు కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళారు.

ఎవరికి, ఎప్పుడు

మన దగ్గర డాక్టర్లు ఎక్కువమంది 40 దాటాక ఏడాదికోసారో రెండేళ్ళకోసారో మామోగ్రామ్ చేయించుకోమంటారు. 50 దాటినవాళ్ళకి లాభం ఇంకా బాగా కనిపిస్తుంది, కాబట్టి ఇంట్లో ఒక్కరినే తీసుకెళ్ళే వీలుంటే ముందు 50 దాటినావిడని తీసుకెళ్ళండి. నెలసరి ఆగిపోయింది ఇంక ఏం వస్తుంది అనుకుంటారు కానీ వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. 40 లోపు వాళ్ళకి గడ్డ తగిలితే డాక్టర్లు ఎక్కువగా ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు, ఎందుకంటే వయసులో ఉన్నప్పుడు రొమ్ము లోపల కండ చిక్కగా ఉంటుంది, మామోగ్రామ్ ఫిల్ములో ఆ కండా తెల్లగానే కనిపిస్తుంది గడ్డా తెల్లగానే కనిపిస్తుంది, పొగమంచులో కొంగని వెతికినట్టు ఉంటుంది.

ఇంట్లో అమ్మకో సొంత అక్కచెల్లెళ్ళకో వచ్చి ఉంటే లెక్క మారుతుంది. వాళ్ళకి ఏ వయసులో వచ్చిందో దానికంటే పదేళ్ళు ముందు నుంచే మనం మొదలుపెట్టాలి అని సాధారణంగా చెప్తారు, అమ్మకి 45లో వస్తే కూతురు 35 నుంచి. నాన్న వైపు వాళ్ళని జనం మర్చిపోతారు, మేనత్తకి వచ్చినా నాయనమ్మకి వచ్చినా డాక్టర్‌కి చెప్పాలి, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లలో తేడా తండ్రి నుంచి కూడా కూతురికి వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, చిన్న వయసులో వచ్చినా, అండాశయ క్యాన్సర్ కూడా ఉన్నా జీన్ టెస్ట్ గురించి అడగండి, వాళ్ళకి మామోగ్రామ్‌తో పాటు ఎమ్మారై కూడా రాస్తారు. మగవాళ్ళకీ వస్తుంది, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో సుమారు 1 శాతం, కాబట్టి నాన్న చనుమొన వెనక గట్టిగా ఏదన్నా తగులుతోంది అంటే నవ్వి ఊరుకోకండి.

ఇంట్లో చూసుకోవటం

నెలకోసారి తప్పకుండా ఒక పద్ధతిలో సొంతంగా పరీక్ష చేసుకోవాలి అని ఇదివరకు గట్టిగా చెప్పేవాళ్ళు. చైనాలో షాంఘైలో 2 లక్షల 66 వేల మంది ఆడవాళ్ళతో పెద్ద అధ్యయనం చేశారు, 2002లో ఫలితాలు వచ్చాయి, సొంతంగా పరీక్ష నేర్పించిన వాళ్ళలో చావులు తగ్గలేదు, క్యాన్సర్ కాని గడ్డలకి బయాప్సీలు, అంటే ముక్క తీసి ల్యాబ్‌లో చూసే పరీక్షలు, మాత్రం పెరిగాయి. అందుకని ఇప్పుడు పరీక్ష అనకుండా మన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో మనకి తెలిసుండాలి అంటున్నారు, మారితే వెంటనే పట్టుకోవచ్చని. నాకిది బాగా నచ్చింది. మన దగ్గర మామోగ్రామ్ అందరికీ అందుబాటులో లేదు, చాలామందికి గడ్డ మొదట తగిలేది వాళ్ళ చేతికే, కాబట్టి చెయ్యి ఏం చెప్తోందో తెలియటం అవసరమే. కాకపోతే అదొక్కటే సరిపోదు, నేను చూసుకున్నా ఏమీ లేదు కాబట్టి టెస్ట్ అక్కర్లేదు అనుకోకూడదు.

ఎలా అంటే, నెలసరి వచ్చేవాళ్ళు అది మొదలైన వారం పది రోజుల తర్వాత, అప్పుడు రొమ్ము మెత్తగా ఉంటుంది, ఆగిపోయినవాళ్ళు ఏదో ఒక తారీకు పెట్టుకుంటే గుర్తుంటుంది. అద్దం ముందు నడుం వరకు బట్టలు లేకుండా నిలబడి, చేతులు కిందికి వదిలి ఒకసారి, చేతులు తల పైకి ఎత్తి ఒకసారి, చేతులు నడుం మీద గట్టిగా నొక్కి పెట్టి ఒకసారి చూడాలి. రెండు రొమ్ములూ అచ్చంగా ఒకేలా ఎవరికీ ఉండవు, చూడాల్సింది కొత్తగా వచ్చిన తేడా. ఎక్కడన్నా సొట్ట పడిందా, చనుమొన లోపలికి పోయిందా లేక ఒక పక్కకి తిరిగిందా, చర్మం బత్తాయి తొక్కలాగా గుంటలు గుంటలుగా మందంగా అయ్యిందా, చనుమొన మీద పొలుసులు ఊడే పుండు ఉందా, పిండకుండానే రక్తం కానీ నీళ్ళలాంటిది కానీ కారుతోందా. చనుమొన మీద పుండుని గజ్జి అనుకుని నెలల తరబడి ఆయింట్‌మెంట్ రాసుకుంటారు, అలా రాసుకుంటూ కూర్చోవద్దు. తర్వాత సబ్బు నురగతో స్నానంలో కానీ, వెల్లకిలా పడుకుని కానీ, ఎడమ రొమ్ముకి కుడిచెయ్యి, కుడి రొమ్ముకి ఎడమచెయ్యి, మధ్య మూడు వేళ్ళ మెత్తటి భాగంతో, వేళ్ళ చివర్లతో కాదు, నాగలి సాళ్ళు దున్నినట్టు పై నుంచి కిందికి, కింద నుంచి పైకి, మెడ ఎముక దగ్గర నుంచి రొమ్ము కింద మడత వరకు, చంకలోకి కూడా వెళ్ళి చూడాలి. ముందు మెల్లగా, తర్వాత కొంచెం నొక్కి, తర్వాత పక్కటెముక తగిలేంత గట్టిగా. రొమ్ముని పిడికిట్లో పట్టుకుని నలపొద్దు, అలా చేస్తే అందరికీ గడ్డలే తగులుతాయి.

డబ్బులు పెట్టలేనివాళ్ళు ముందు ఇక్కడికి

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 దాటిన ప్రతి ఆడమనిషికీ అయిదేళ్ళకోసారి ట్రైనింగ్ ఉన్న ఏఎన్‌ఎం కానీ నర్సు కానీ డాక్టర్ కానీ చేత్తో రొమ్ము పరీక్ష చెయ్యాలి, డబ్బులు అక్కర్లేదు. ఆశా వర్కర్ ఇంటికొచ్చి ఒక ఫారం నింపుతుంది, అందులో బీపీ షుగర్ ప్రశ్నలతో పాటు రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా, ఆకారం మారిందా అనే ప్రశ్నలుంటాయి. మా ఊళ్ళో ఆ ప్రశ్న రాగానే ఏమీ లేదు రాసుకోమ్మా అని పంపించేస్తారు, గుమ్మంలో మగాళ్ళు కూర్చుని ఉంటారు కాబట్టి. ఆశా వచ్చినప్పుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి, ఆవిడకి కూడా అదే కావాలి. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని మొదలుపెట్టారు, ఎంపిక చేసిన ప్రభుత్వ కేంద్రాల్లో మంగళవారం ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసం, అందులో రొమ్ము పరీక్ష కూడా ఉంది, మీ దగ్గర్లో ఏ పీహెచ్‌సీలో ఉందో ఆశాని అడిగితే చెప్తుంది. ఆంధ్రాలో ఎన్‌సీడీ సర్వేలో, అంటే బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి అంటుకోని జబ్బుల సర్వేలో, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మూడు క్యాన్సర్లకీ చూస్తారు, విలేజ్ క్లినిక్‌లో అడగండి.

చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది అని తీసిపారెయ్యకండి. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో 20 ఏళ్ళు చూశారు, సగం మందికి ట్రైనింగ్ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. ఆ పరీక్షలు చేసిన వైపు మూడు, నాలుగు స్టేజీల్లో, అంటే ముదిరాక, దొరికినవి 37 శాతం, చెయ్యని వైపు 47 శాతం. 50 దాటినవాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి, 50 లోపు వాళ్ళలో అంత తేడా కనిపించలేదు. మిషన్ లేదు, కరెంట్ లేదు, నేర్చుకున్న చేతులే. మామోగ్రామ్‌కి డబ్బులు లేవు అని అసలు ఏమీ చేయించకుండా ఉండటం కంటే ఏఎన్‌ఎం దగ్గరికి వెళ్ళటం ఎన్నో రెట్లు నయం.

ప్రైవేట్‌లో మామోగ్రామ్ రేటు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, నాలుగు చోట్ల ఫోన్ చేసి అడగండి, అక్టోబర్‌లో రొమ్ము క్యాన్సర్ నెల అని చాలా సెంటర్లు తగ్గించి చేస్తాయి. ఒక్క జాగ్రత్త, హెల్త్ ప్యాకేజీల్లో రక్త పరీక్షతో క్యాన్సర్ కనుక్కుంటాం అని సీఏ 15-3 లాంటివి కలుపుతారు, క్యాంపుల్లో ముట్టుకోకుండా వేడిని బట్టి ఫొటో తీసే స్కాన్ అంటారు, ఇవేవీ మామోగ్రామ్‌కి బదులు కావు. అవి నార్మల్ వచ్చాయి కదా అని ఆగిపోకండి.

టెస్టు రోజు

నెలసరి ఉన్నవాళ్ళు అయిపోయిన వారంలో పెట్టుకుంటే నొప్పి తక్కువ. చంకల్లో పౌడర్, సెంటు, డియోడరెంట్ ఏమీ రాసుకోకూడదు, అందులో పొడి ఫిల్ములో తెల్ల చుక్కల్లా పడి సున్నపు చుక్కలేమో (అవి కొన్నిసార్లు క్యాన్సర్‌కి గుర్తు) అని కంగారు పెడుతుంది. మా అమ్మ పాండ్స్ పౌడర్ లేకుండా గడప దాటదు, ముందురోజే డబ్బా దాచా. చీర అయితే సుఖం, జాకెట్టు విప్పి పైట కప్పుకోవచ్చు, పొడవాటి ఒకే ముక్క డ్రెస్సు వద్దు. మెళ్ళో గొలుసులు తీసెయ్యమంటారు. తాడు సంగతి అమ్మ ముందే అడిగింది కాబట్టి నేను సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నా, వెనక్కి వేసి జడకి క్లిప్ పెట్టుకోవచ్చు అన్నారు, తియ్యక్కర్లేదు అనగానే అమ్మ మొహం తేటపడింది. మీరూ ముందే అడిగి పెట్టుకోండి. పాత రిపోర్టులు, వాడే మందుల పేర్లు, ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చిందో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. గర్భంతో ఉన్నా పాలిస్తున్నా ముందే చెప్పాలి.

లోపల ఏం చేస్తారంటే, నిలబెట్టి ఒక్కో రొమ్ముని ఒక పలక మీద పెట్టి పైనుంచి పారదర్శకంగా ఉండే ఇంకో పలకతో నొక్కి ఎక్స్‌రే తీస్తారు, ఒక్కోదానికి రెండు ఫొటోలు, మొత్తం నాలుగు. నొక్కటం కొన్ని సెకన్లే, కానీ నొక్కుతారు, నొప్పి అసలు ఉండదు అని అబద్ధం చెప్పకండి. బాగా నొక్కితేనే ఫొటో స్పష్టంగా వస్తుంది, రేడియేషనూ తక్కువ పడుతుంది. రేడియేషన్ భయం ఉన్నవాళ్ళకి, ఒక మామోగ్రామ్‌లో పడేది మనకి మామూలుగా భూమి నుంచి, గాలి నుంచి ఏడు వారాల్లో పడేదానితో దాదాపు సమానం. అమ్మ బయటికొచ్చి "ఇంతేనా, దీనికా ఏడాదిన్నర నా ప్రాణం తీశావు" అంది.

రిపోర్టు చదవటం

ఇక్కడ కాసేపు ఆగి చదవండి, ఎందుకంటే మా ఇంట్లో అసలు గొడవంతా ఇక్కడే జరిగింది. రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. అమ్మకి 0 వచ్చింది. నాన్న ఆ సున్నా చూసి ఏమీ లేదు అని స్వీట్లు తెస్తానన్నారు. బైరాడ్స్ 0 అంటే జబ్బు సున్నా అని కాదు, ఈ ఫొటోలతో తేల్చలేకపోతున్నాం, ఇంకో టెస్టు కావాలి అని. ఏమీ లేదు అనేది 1. క్యాన్సర్ కానిదేదో ఉంది, భయం లేదు అనేది 2. 3 అంటే దాదాపు ఖచ్చితంగా మామూలుదే, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లోపు, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం అంటారు, ఆ ఆరు నెలల తారీకు ఫోన్‌లో పెట్టుకోవాలి, చాలామంది ఇక్కడే జారిపోతారు. 4 అంటే అనుమానం ఉంది బయాప్సీ చెయ్యాలి, ఇందులో మళ్ళీ ఏ బీ సీ ఉంటాయి, ఏ లో ఎక్కువ శాతం క్యాన్సర్ కాకుండానే తేలుతుంది కాబట్టి 4 చూడగానే కుప్పకూలిపోవద్దు. 5 అంటే అనుమానం చాలా గట్టిది. 6 అంటే బయాప్సీలో ముందే తేలిపోయిన వాళ్ళకి రాసేది.

అమ్మకి సున్నా వచ్చింది కాబట్టి అల్ట్రాసౌండ్‌కి రమ్మన్నారు. మధ్యలో నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు, అమ్మ మాత్రం ఆవకాయ జాడీలు కడుగుతూ కూర్చుంది. అల్ట్రాసౌండ్‌లో నీటి తిత్తి అని తేలింది. స్క్రీనింగ్‌లో, అంటే ఏ ఇబ్బందీ లేనప్పుడు ముందుగా చేసే టెస్టుల్లో, ఇలా వెనక్కి పిలవటం మామూలు విషయం, పిలిచినవాళ్ళలో ఎక్కువమందికి ఏమీ ఉండదు, ఈ మాట టెస్టుకి వెళ్ళక ముందే అమ్మకి చెప్పి ఉంచితే బాగుండేది, నేను చెప్పలేదు. మీరు చెప్పండి. ఇంకోటి, రిపోర్టులో ఏమీ లేదు అని వచ్చినా చేతికి గడ్డ తగులుతూనే ఉంటే అక్కడితో వదలొద్దు, మామోగ్రామ్‌కి కనపడని గడ్డలు కూడా ఉంటాయి, డాక్టర్‌తో చేత్తో పరీక్ష చేయించుకోవాల్సిందే.

గడ్డ అనుమానంగా ఉంటే పద్ధతి మూడు మెట్లు, డాక్టర్ చేత్తో చూడటం, స్కాన్ తియ్యటం, సూదితో చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపటం. ఆ సూది పరీక్షని కోర్ బయాప్సీ అంటారు, మత్తు ఇంజక్షన్ అక్కడివరకే ఇస్తారు, అదే రోజు ఇంటికి వచ్చెయ్యొచ్చు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుంది అని మా బంధువుల్లో ముగ్గురు ఫోన్ చేసి మరీ చెప్పారు పెద్దమ్మ అప్పుడు. అది నిజం కాదు. బయాప్సీ చెయ్యకుండా గడ్డని కోసి పారెయ్యటం వల్లే నష్టం, ఎందుకంటే అది క్యాన్సర్ అయితే ఎంత మేర తియ్యాలి, చంక బిళ్ళలు చూడాలా, ముందు కీమోనా ముందు ఆపరేషనా అనేవన్నీ ముందే ప్లాన్ చేసుకోవాలి, ఒకసారి కోసేశాక ఆ లెక్కలన్నీ చెదిరిపోతాయి. కాబట్టి ఎవరైనా చిన్న గడ్డే తీసేద్దాం అంటే, బయాప్సీ చేశారా అని అడగండి. ఏ కారణం వల్లయినా తీసేస్తే ఆ ముక్క ల్యాబ్‌కి వెళ్ళిందా, రిపోర్టు ఏది అని అడగండి. మేం అడగలేదు.

క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు పరీక్షలు కూడా చేస్తారు, మందులు వాటిని బట్టే ఉంటాయి, అవి లేకుండా వైద్యం మొదలుపెడుతుంటే ఎందుకని అడగొచ్చు. పసరు మందులకి, నాటు వైద్యానికి నెలలు పోగొట్టొద్దు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, గుంటూరు జీజీహెచ్‌లో క్యాన్సర్ సెంటర్ ఉంది, తిరుపతిలో స్విమ్స్ ఉంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకి పెంచారు, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, రెండు చోట్లా క్యాన్సర్ వైద్యం ఉంది, 104కి ఫోన్ చేస్తే ఏ ఆసుపత్రిలో చేస్తారో చెప్తారు.

బయట దేశాల్లో ఉన్నవాళ్ళకి రెండు మాటలు. అమెరికాలో 2024 నుంచి నిపుణుల కమిటీ సిఫారసు 40 నుంచి 74 వరకు రెండేళ్ళకోసారి, ఎక్కువ ఇన్సూరెన్సుల్లో మీ జేబు నుంచి పడకుండా చేస్తారు, పిల్లల స్కూలు హడావిడిలో వాయిదా వెయ్యకండి. ఇంగ్లండ్‌లో 50 నుంచి 71 లోపు మూడేళ్ళకోసారి ఉత్తరం వస్తుంది, జీపీ దగ్గర పేరు ఉంటేనే వస్తుంది. అమ్మానాన్నలని ఆరు నెలలకి పిలిపించుకునేవాళ్ళు విమానం ఎక్కకముందే ఇక్కడ అమ్మకి చేయించండి, విజిటర్ ఇన్సూరెన్స్ మామూలుగా ఇలాంటి స్క్రీనింగ్‌కి డబ్బులివ్వదు.

అంతా అయ్యాక ఫిల్ములు, సీడీ, రిపోర్టు పారెయ్యొద్దు, చెల్లిపోయిన కరెంట్ బిల్లుల్లో కలిపెయ్యొద్దు. వచ్చేసారి రేడియాలజిస్ట్ పాతవాటితో పక్కపక్కన పెట్టి చూస్తారు, పాతది ఉంటే ఈ మచ్చ రెండేళ్ళ క్రితం కూడా ఇలాగే ఉంది అని చెప్పి అనవసరమైన బయాప్సీ తప్పించగలరు. మా అమ్మవి పెద్ద కవర్‌లో పెట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచింది, కవర్ మీద తన చేత్తో వచ్చేసారి వెళ్ళాల్సిన నెల రాసుకుంది, కింద మా పక్కింటావిడ పేరూ మా అత్తగారి పేరూ కూడా రాసింది.